పాత రాగి గనుల వ్యర్థం సరస్సుల్లో, వాగుల్లో ఏం చేస్తోందో తెలుసుకోవడం ఎలా?

మూతపడిన రాగి గనికి దిగువన ఉన్న సరస్సు నుంచి పిడికెడు బురద తీసి ప్రయోగశాలకు పంపితే, కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాముల రాగి ఉందని ఒక అంకె వస్తుంది. చాలా నివేదికలు ఆ అంకె దగ్గరే ఆగిపోతాయి. నిజానికి అసలు ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఆ రాగి ఏ రూపంలో ఉంది, ఉన్నచోటే ఉంటోందా లేక కదులుతోందా, ఆ బురదలో బతకవలసిన జీవులు బతకగలుగుతున్నాయా అనే మూడు విషయాలు తేలకుండా కేవలం మొత్తం రాగి ఎంతో చెప్పడం వల్ల సరస్సుకు గానీ, దాని ఒడ్డున ఉన్న మనుషులకు గానీ ఉపయోగం లేదు. ఈ మూడింటినీ ఏ క్రమంలో, ఏ జాగ్రత్తలతో తేల్చుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పర్యావరణ శాస్త్రం చదివే విద్యార్థులను, గ్రామ స్థాయిలో నీటి వనరుల గురించి పట్టించుకునే వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ఉదాహరణగా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవనా ద్వీపకల్పాన్ని తీసుకుంటాను. అక్కడ 1840ల్లో మొదలైన రాగి తవ్వకం 1968 దాకా సాగింది. వంద సంవత్సరాల వ్యర్థం సరస్సుల అడుగున ఎలా పేరుకుంది, ఎలా కదులుతోంది, దాన్ని బాగుచేయడానికి ఏం చేశారు, ఏం చేయలేకపోయారు అన్న సంగతులన్నీ ఇంత వివరంగా నమోదైన ప్రాంతాలు ప్రపంచంలో చాలా తక్కువ.

బురద కంటే ముందు మిల్లు చరిత్ర

పడవ ఎక్కే ముందు పాత పటాలు, ఖనిజపు రాయిని దంచిన మిల్లుల లెక్కలు, మూసివేత తేదీలు సేకరించండి. ఏ మిల్లు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా నడిచింది, రాయిని ఎంత మెత్తగా దంచింది, మిగిలిన ఇసుకను ఏ దిక్కున వదిలింది అనేవి తెలిస్తే నమూనాలు ఎక్కడ తీయాలో సగం తేలిపోతుంది.

కీవనాలో ఆవిరి రోకళ్లతో రాయిని పొడిచేసి, ఇంట్లో బియ్యం గాలించినట్టుగా పారే నీటిలో ఆ పొడిని ఆడించి, బరువైన రాగి రేణువులను అడుగున నిలుపుకుని, తేలికైన రాతి పొడిని నీటితో పాటు చెక్క కాలువల ద్వారా సరస్సులోకి వదిలేసేవారు. ఆ రాతి పొడినే అక్కడి వారు స్టాంప్ ఇసుక అంటారు. లేక్ లిండెన్, హబ్బెల్, టామరాక్ సిటీ, మేసన్ అనే ఊళ్ల దగ్గర వరసగా ఉన్న మిల్లులు 1868 నుంచి 1968 వరకు టార్చ్ సరస్సులో వదిలిన ఈ వ్యర్థం సుమారు 20 కోట్ల టన్నులు. సరస్సు మొదటి ఘనపరిమాణంలో కనీసం అయిదో వంతు దానితోనే పూడిపోయింది. దాదాపు 2,700 ఎకరాల విస్తీర్ణం, వంద అడుగులకు మించిన లోతు ఉన్న సరస్సు అది. అంతటి సరస్సులో అయిదో వంతు అంటే ఎంతో ఊహించుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

చరిత్రలో మరొక విషయం కూడా వెతకాలి. పాత కాలపు మిల్లులు రాగినంతా పట్టుకోలేకపోయేవి. అందువల్ల వ్యర్థంలో మిగిలిపోయిన రాగి కోసం తరువాతి తరం వారు అదే ఇసుకను మళ్లీ తవ్వి తీసేవారు. టార్చ్ సరస్సులో 1916 ప్రాంతంలో కాల్యుమెట్ అండ్ హెక్లా కంపెనీ డ్రెడ్జర్లతో అడుగు ఇసుకను పైకి తోడి, ఇంకా మెత్తగా దంచి, అమోనియా ద్రావణంతోనూ, నురుగు మీద తేల్చే పద్ధతితోనూ రాగిని రాబట్టి, మిగిలినదాన్ని మళ్లీ సరస్సులోనే వదిలింది. ఇది పరిశీలకుడికి ముఖ్యమైన సంగతి. రెండోసారి వదిలిన వ్యర్థం మొదటి దానికంటే మెత్తగా ఉంటుంది, రసాయనాలు తాకినదై ఉంటుంది, పైగా తవ్విన చోట పొరల వరస చెదిరిపోయి ఉంటుంది. అలాంటి చోట నిలువు నమూనా తీసి, కింది పొర పాతది, పై పొర కొత్తది అని చెప్పడం తప్పుడు లెక్క అవుతుంది.

ప్రమాదాల చరిత్రనూ వదలకూడదు. 1972లో దాదాపు 27,000 గ్యాలన్ల, అంటే సుమారు లక్ష లీటర్ల రాగి అమ్మోనియం కార్బొనేట్ ద్రావణం టార్చ్ సరస్సు ఉత్తర భాగంలో కలిసింది. ఇసుకలో చిక్కుకుని ఉన్న రాగికీ, నీటిలో కరిగి వచ్చిన ఇలాంటి రాగికీ జీవుల మీద పడే ప్రభావంలో చాలా తేడా ఉంటుంది.

ఖనిజం ఏ రకమో తేల్చుకోండి

ఇది చిన్న అడుగే, కానీ దీన్ని దాటవేసిన వారు తరువాతి అడుగులన్నీ తప్పుగా వేస్తారు. కీవనాలోని రాగి చాలావరకు లోహ రూపంలోనే, సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటి లావా రాళ్ల బుడగల్లోనూ, గులకరాళ్లు అతుక్కుని ఏర్పడిన శిలల్లోనూ దొరికింది. అక్కడ గంధకంతో కలిసిన ఖనిజాలు తక్కువ, కాల్సైట్ వంటి సున్నపు ఖనిజాలు ఉన్నాయి. అందువల్ల నీరు ఆమ్లంగా మారే సమస్య పెద్దగా రాలేదు. టార్చ్ సరస్సు నీరు చూడటానికి మామూలుగానే ఉంటుంది.

ప్రపంచంలోని రాగి గనుల్లో ఎక్కువ భాగం ఇందుకు భిన్నం. చాల్కోపైరైట్ వంటి గంధక ఖనిజాలు, వాటి వెంట పైరైట్ ఉన్న చోట, గాలీ నీరూ తగిలితే గంధకికామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాగినే కాక జింకు, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి వాటినీ కరిగించి వాగులోకి పంపుతుంది. రాళ్ల మీద నారింజ రంగు ఇనుప మడ్డి కనిపిస్తే అది అలాంటి నీటి గుర్తు. మోంటానాలోని బ్యూట్ గనుల వ్యర్థం క్లార్క్ ఫోర్క్ నది వెంట చాలా దూరం కొట్టుకుపోయి, మిల్‌టౌన్ ఆనకట్ట వెనుక పేరుకుపోయింది. చివరికి 2008లో ఆ ఆనకట్టనే తొలగించవలసి వచ్చింది. కాబట్టి మీ గని ఏ రకమో ముందే తెలుసుకోండి. లోహ రాగి ఉన్న చోట ఇసుక ఎక్కడికి కదులుతోందన్నది మొదటి ప్రశ్న. గంధక ఖనిజం ఉన్న చోట నీటి ఆమ్లత్వం మొదటి ప్రశ్న.

వ్యర్థం ఎంత దూరం పోయిందో కనిపెట్టడం

గని వ్యర్థం పోసిన చోటే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కీవనా తూర్పు తీరాన గే అనే ఊరి దగ్గర జరిగింది చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అక్కడ మోహాక్, వుల్వరిన్ మిల్లులు 1901 నుంచి 1932 వరకు సుమారు 2.27 కోట్ల మెట్రిక్ టన్నుల స్టాంప్ ఇసుకను సుపీరియర్ సరస్సు ఒడ్డున పోశాయి. అలలు ఆ కుప్పను కొరుక్కుంటూ, ఒడ్డు వెంట పారే ప్రవాహాలు ఆ ఇసుకను నైరుతి దిశగా మోసుకుపోతూ, అయిదు మైళ్ల దూరంలో ఉన్న గ్రాండ్ ట్రావర్స్ రేవు దాకా తీసుకువెళ్లాయి. దారిలో, నీటి కింద, బఫెలో రీఫ్ అనే 2,200 ఎకరాల రాతి గుట్ట ఉంది. లేక్ ట్రౌట్, వైట్‌ఫిష్ చేపలు ఆ రాళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి. ఇసుక వచ్చి ఆ సందులను కప్పేస్తోంది. మిల్లులు ఆగిపోయి తొంభై ఏళ్లు దాటినా ఈ నష్టం పెరుగుతూనే ఉంది. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1842 ఒప్పందం కింద ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కు నిలుపుకున్న అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలకు, ముఖ్యంగా కీవనా బే ఇండియన్ కమ్యూనిటీకి, ఇది జీవనాధారానికి సంబంధించిన విషయం. గని లాభం ఎన్నడూ వారి చేతికి రాలేదు, దాని వ్యర్థం మాత్రం వారి వలల దాకా వచ్చింది. ఈ అన్యాయాన్ని కొలతల పట్టికల్లో చూపలేం కనుక, నివేదికలో మాటల్లోనే స్పష్టంగా రాయాలి.

ఇసుక ఎక్కడి దాకా పోయిందో కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలు మొదటే అక్కరలేదు. కీవనా తూర్పు తీరంలోని సహజమైన ఇసుక లేత రంగులో, గుండ్రంగా అరిగిన క్వార్ట్జ్ రేణువులతో ఉంటుంది. స్టాంప్ ఇసుక నల్లటి బసాల్ట్ రాతి పొడి కనుక ముదురు బూడిద రంగులో, పదునైన అంచులతో ఉంటుంది. ఒక్కొక్క నమూనాను కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద మూడు నాలుగు వందల రేణువులను లెక్కపెట్టి, వాటిలో నల్లనివి ఎంత శాతమో నమోదు చేస్తే, ఆ శాతాలతోనే ఇసుక వ్యాప్తి పటం తయారవుతుంది. గే కుప్పలోని ఇసుకలో రాగి సుమారు 0.28 శాతం, అంటే కిలోకు 2,800 మిల్లీగ్రాములు. ఒకచోట నల్ల రేణువులు సగం ఉంటే, రాగి దాదాపు 1,400 మిల్లీగ్రాములు ఉండవచ్చని తొలి అంచనా వేసుకోవచ్చు. తరువాత కొన్ని నమూనాలను ప్రయోగశాలకు పంపి ఆ అంచనాను సరిచూసుకోవాలి. ఈ పద్ధతి కళాశాల విద్యార్థులు కూడా చేయగలిగినది, ఖర్చు తక్కువ, పైగా చేసేవారికి ఆ తీరం గురించి లోతైన అవగాహన ఇస్తుంది.

అయితే దీనికి ఒక పరిమితి ఉంది. ముతక ఇసుక ఒడ్డున ఆగుతుంది, మెత్తటి పొడి నీటిలో తేలుతూ లోతైన చోటికి పోయి నెమ్మదిగా దిగుతుంది. రేణువుల లెక్క ముతక భాగాన్నే చూపిస్తుంది. మెత్తటి బంకలో చేరిన రాగి కోసం మాత్రం సరస్సు లోతైన భాగంలోని అడుగు మట్టినే తీయవలసి ఉంటుంది.

అడుగు మట్టి నుంచి నిలువు నమూనా తీయడం

సరస్సు అడుగు మట్టి పొరలు పొరలుగా చేరుతుంది కనుక, ఒక గొట్టాన్ని నిటారుగా దింపి పైకి తీస్తే ఆ సరస్సు గతం వరుసగా చేతికి వస్తుంది. ఇలా తీసిన మట్టి కడ్డీని కోర్ అంటారు. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం వాడండి. పొరల రంగులు తెరవకముందే కనిపిస్తాయి, వాటిని వెంటనే ఫొటో తీసి, లోతులు రాసుకోవాలి. గొట్టంలో మట్టి పైన కొంచెం సరస్సు నీరు కూడా తేటగా నిలిచి ఉంటేనే పై పొర చెదరలేదని అర్థం. నీరు మురికిగా ఉంటే ఆ కోర్‌ను పక్కన పెట్టి మరొకటి తీయడమే మంచిది.

రాగి కొలిచే పనిలో ఇత్తడి శత్రువు. పాత నమూనా పరికరాల్లో చాలావాటికి ఇత్తడి భాగాలు ఉంటాయి. ఇత్తడిలో సగానికి పైగా రాగే కనుక, ఆ భాగాలు తగిలిన మట్టి ఫలితం చెడిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా ప్లాస్టిక్ పరికరాలే తీసుకోండి. సీసాలను, చెంచాలను నీరు కలిపిన నత్రికామ్లంలో నానబెట్టి, శుద్ధి చేసిన నీటితో కడగాలి. నమూనాకు అన్ని దశల్లోనూ తోడుగా ఒక ఖాళీ సీసాను తీసుకువెళ్లి, దాన్ని కూడా విశ్లేషించాలి. అందులో రాగి కనిపిస్తే ఆ రోజు పనినంతా అనుమానించక తప్పదు.

కోర్‌ను సెంటీమీటరు మందంతో ముక్కలు కోసి, ప్రతి ముక్కలోనూ తేమ, సేంద్రియ పదార్థం, రేణువుల పరిమాణం, రాగి, దానితో పాటు అల్యూమినియం కొలవాలి. అల్యూమినియం ఎందుకంటే, అది బంకమట్టిలో సహజంగా ఉంటుంది, గనుల వల్ల పెద్దగా మారదు. బంక ఎక్కువ ఉన్న పొరలో రాగి కూడా సహజంగానే కొంత ఎక్కువ ఉంటుంది. కాబట్టి రాగిని అల్యూమినియంతో భాగించి, ఆ నిష్పత్తిని గనుల కాలానికి ముందటి పొరలోని నిష్పత్తితో పోల్చితే, గని వల్ల పెరిగింది ఎంతో విడిగా తెలుస్తుంది. ఈ పోలికకు పుస్తకాల్లోని ప్రపంచ సగటును వాడవద్దు. రాగి నిక్షేపం ఉన్న ప్రాంతంలో గని లేకముందు కూడా మట్టిలో రాగి మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. అదే సరస్సు అడుగున, తవ్వకానికి ముందు చేరిన పొర ఇచ్చే అంకె ఒక్కటే న్యాయమైన కొలబద్ద.

లోహ రాగి ఉన్న చోట మరొక చిక్కు ఎదురవుతుంది. కంటికి కనిపించని చిన్న లోహపు తునక ఒక్కటి నమూనాలో పడితే ఫలితం ఒక్కసారిగా ఎగబాకుతుంది, పడకపోతే తగ్గిపోతుంది. అందువల్ల ఒకే పొర నుంచి మూడు నాలుగు ఉపనమూనాలు, అవీ ఎక్కువ బరువుతో, విశ్లేషించాలి. వాటి మధ్య తేడా పెద్దగా ఉంటే సగటుతో పాటు ఆ తేడాను కూడా ప్రకటించాలి.

ఇక పొరల వయసు. సాధారణంగా సరస్సు మట్టి వయసును ఆకాశం నుంచి రాలే సీసం-210 అనే రేడియోధార్మిక సీసంతో లెక్కగడతారు. దాని అర్ధాయువు సుమారు 22 సంవత్సరాలు కనుక గత నూరు నూటయాభై ఏళ్లకు అది సరిపోతుంది. అణు పరీక్షల ధూళి ఎక్కువగా రాలిన 1963 ప్రాంతపు సీజియం-137 శిఖరం దానికి సాక్ష్యంగా నిలుస్తుంది. కానీ మిల్లులు నడిచిన కాలంలో వ్యర్థం ఎంత వేగంగా చేరిందంటే, ఆకాశం నుంచి పడిన కొద్దిపాటి సీసం-210 ఆ మట్టిలో పలచబడిపోతుంది. ఆ పొరల్లో ఈ లెక్క నమ్మదగినది కాదు. అక్కడ మిల్లు చరిత్రే ఆధారం. వ్యర్థం మొదలైన పొర, రంగు మారిన పొర, వ్యర్థం ఆగి సేంద్రియ మట్టి మళ్లీ మొదలైన పొర, ఈ మూడింటినీ మిల్లు తెరిచిన, పద్ధతి మార్చిన, మూసిన తేదీలతో జతచేయాలి. మొదట చరిత్ర సేకరించమన్నది ఇందుకే.

మిల్లు మూసిన తరువాత చేరిన పై పొరను ప్రత్యేకంగా చూడండి. రాగి అక్కడ వేగంగా తగ్గుతుందని ఎవరైనా ఆశిస్తారు. అలా తగ్గకపోతే, ఒడ్డున ఉన్న కుప్పల నుంచి వ్యర్థం ఇంకా కొట్టుకువస్తోందో, కింది పొరల నుంచి కరిగిన రాగి పైకి ఊరుతోందో, అలలు పాత మట్టిని కదిలించి మళ్లీ పరుస్తున్నాయో వెతకాలి. ఈ మూడు కారణాలకు మూడు వేర్వేరు పరిష్కారాలు ఉంటాయి కనుక, ఏది నిజమో తేలకముందే కోట్లు ఖర్చు చేయడం తొందరపాటు అవుతుంది.

అంకె నుంచి అర్థానికి

మంచినీటి సరస్సుల మట్టికి ఉత్తర అమెరికాలో విరివిగా వాడే హద్దులు రెండు. కిలోకు 31.6 మిల్లీగ్రాముల కంటే రాగి తక్కువ ఉంటే అడుగు జీవులకు హాని అరుదు, 149 మిల్లీగ్రాములు దాటితే హాని కలిగే అవకాశం ఎక్కువ. గే ఇసుక ఈ రెండో హద్దుకు పద్దెనిమిది రెట్లకు పైనే ఉంది. అయినా ఈ హద్దులు అనుమానం కలిగించేవే తప్ప తీర్పు చెప్పేవి కావు. ఒక సరస్సులో 300 మిల్లీగ్రాముల రాగి ఉన్నా పురుగులు పుష్కలంగా ఉండవచ్చు, మరొక సరస్సులో అంతే రాగికి అడుగు నిర్జీవం కావచ్చు.

ఆ తేడా రాగి రూపంలో ఉంది. ఆక్సిజన్ లేని లోతైన బురదలో సల్ఫైడ్ అనే గంధకపు రూపం ఉంటే అది రాగిని గట్టిగా పట్టుకుంటుంది. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ ఆమ్లాలు కూడా రాగిని బంధిస్తాయి. ఇవి రెండూ లేని శుభ్రమైన ముతక ఇసుకలో, రేణువుల మధ్య నీటిలోకి కరిగిన రాగికి అడ్డు ఉండదు. అందుకే మొత్తం రాగితో పాటు రేణువుల మధ్య నీటిని కూడా పిండి తీసి, వడపోసి, అందులోని రాగిని కొలవాలి. బురదను గాలి తగలకుండా భద్రపరిస్తేనే ఈ కొలత నిజమైనది అవుతుంది. గాలి తగిలిన సల్ఫైడ్ తాను పట్టుకున్న రాగిని వదిలేస్తుంది.

చివరి మాట జీవులదే కావాలి. హయలెల్లా అనే, రొయ్యను పోలిన చిన్న జీవిని, కైరోనమస్ అనే కుట్టని దోమ లార్వాలను ప్రయోగశాలలో ఆ బురద మీద పది రోజులో, ఇరవై ఎనిమిది రోజులో పెంచి, ఎన్ని బతికాయో, ఎంత ఎదిగాయో చూసే పరీక్షలకు స్థిరపడిన పద్ధతులు ఉన్నాయి. దానితో పాటు సరస్సు అడుగున నిజంగా ఏ జీవులు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. రసాయన విశ్లేషణ, పెంపకపు పరీక్ష, జీవుల లెక్క మూడూ ఒకే మాట చెప్పినప్పుడు ఆ నిర్ధారణను ఎవరూ కాదనలేరు. మూడూ మూడు రకాలుగా చెబితే, రాగి కాక మరొక కారణం ఉందేమో చూడాలి.

ఈ చివరి హెచ్చరికకు టార్చ్ సరస్సే సాక్ష్యం. అక్కడి సాగర్, వాలై చేపల్లో కారణం తెలియని కణితులు కనిపించడంతో 1983లో వాటిని తినవద్దని మిషిగన్ ఆరోగ్య శాఖ సలహా ఇచ్చింది. 1986లో ఆ ప్రాంతం సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే బాగుచేయవలసిన కలుషిత స్థలాల అమెరికా ప్రభుత్వ జాబితాలో చేరింది. అందరి చూపు రాగి మీదే ఉన్నప్పటికీ, తరువాతి కాలంలో చేపల విషయంలో పెద్ద చింతగా మిగిలింది పాత విద్యుత్ పరికరాల్లో వాడిన పీసీబీ నూనెలు. గని అంటే ఖనిజం ఒక్కటే కాదు. దానితో పాటు విద్యుత్ కేంద్రం, కరిగింపు కొలిమి, గిడ్డంగులు, పీపాలు కూడా ఉంటాయి. వాటి వ్యర్థాన్నీ వెతకకుండా నివేదిక ముగించవద్దు.

నీటి నమూనా

నీటిని 0.45 మైక్రాన్ల వడపోత కాగితంతో వడపోసి, వెంటనే నత్రికామ్లం కలిపి భద్రపరచాలి. వడపోయని నమూనా ఒకటి విడిగా ఉంచాలి. అదే సమయంలో ఆమ్లత్వం, కాఠిన్యం, కరిగిన సేంద్రియ కర్బనం కొలవకపోతే రాగి అంకెకు అర్థం ఉండదు. మెత్తటి నీటిలో హాని చేసే రాగి, కఠినమైన నీటిలో చేయకపోవచ్చు.

తాగునీటి ప్రమాణంతో సరస్సు ఆరోగ్యాన్ని కొలవడం తరచుగా జరిగే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు రాగిని అనుమతిస్తుంది. భారత ప్రమాణంలో కోరదగిన హద్దు 0.05 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు. మనుషులకు ఇది సరిపోవచ్చు. కానీ కొన్ని రకాల చేప పిల్లలకు లీటరుకు కొన్ని మైక్రోగ్రాముల రాగి ఉన్నా వాసన పసిగట్టే శక్తి దెబ్బతింటుంది, శత్రువును గుర్తించలేకపోతాయి. నీటి ఈగలు, నాచు కూడా అంతే సున్నితమైనవి. మనం నిశ్చింతగా తాగగల నీటిలో ఒక సరస్సు ఆహార గొలుసు తెగిపోవచ్చు.

కప్పడమా, తవ్వడమా, వదిలేయడమా

టార్చ్ సరస్సు ఒడ్డున బయట పడి ఉన్న దాదాపు 800 ఎకరాల ఇసుక మీద, 1990ల చివరి నుంచి 2005 వరకు, ఆరు అంగుళాల మట్టి పరిచి గడ్డి పెంచారు. గాలికి ఎగరడం, వానకు కొట్టుకుపోవడం తగ్గింది. సరస్సు అడుగును మాత్రం ముట్టుకోకుండా ప్రకృతికే వదిలేశారు. ఇరవై కోట్ల టన్నులను తోడి ఎక్కడ పోయాలన్న ప్రశ్నకు జవాబు లేనప్పుడు ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోవచ్చు. అయితే వదిలేయడం అంటే మరచిపోవడం కాకూడదు. సూపర్‌ఫండ్ చట్టం కింద వ్యర్థం మిగిలి ఉన్న చోటును అయిదేళ్లకోసారి సమీక్షించవలసి ఉంటుంది. ఆ నియమం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

గే దగ్గర అదే పద్ధతి పనిచేయదు. అక్కడి ఇసుక ఆగడం లేదు, దాని దారిలో చేపల పుట్టిల్లు ఉంది. అందుకే రీఫ్ చుట్టూ, రేవు దగ్గర ఇసుకను తవ్వి తీసే పనులు చేపట్టారు. ఆగి ఉన్న వ్యర్థాన్ని కప్పవచ్చు, కదులుతున్న వ్యర్థాన్ని అడ్డుకోవాలి లేదా తొలగించాలి. గంధకంతో బంధించి ఉన్న లోతైన బురదను మాత్రం తవ్వే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. గాలి తగిలితే అప్పటిదాకా నిద్రపోతున్న రాగి కరిగి నీటిలో కలుస్తుంది.

మన చెరువులకు ఇది ఎలా వర్తిస్తుంది

పల్నాడు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో నల్లకొండ రాగి నిక్షేపం, బండలమోట్టు సీసం నిక్షేపం ఉన్నాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని మైలారంలో కూడా రాగి ఉంది. అక్కడి చెరువులు చెడిపోయాయని నేను చెప్పడం లేదు. అలాంటి ప్రాంతాల్లో పరిశీలన చేసేవారు కీవనా పద్ధతిని ఉన్నదున్నట్టుగా కాక, మన నేలకు తగినట్టు మార్చుకోవాలని మాత్రమే చెబుతున్నాను.

మొదటి తేడా ఎండ. సుపీరియర్ సరస్సు ఎన్నడూ ఎండదు, మన చెరువు అడుగు చాలా ఏళ్లు వేసవిలో బీటలు వారుతుంది. నీటి కింద గాలి తగలకుండా ఉన్న సల్ఫైడ్లు ఆ రెండు మూడు నెలల్లో గాలి పీల్చుకుంటాయి. తొలకరి వానకు వచ్చే మొదటి నీరు ఆ లవణాలను కడిగి తెస్తుంది. కాబట్టి నీటి నమూనా సంవత్సరంలో ఒక్కసారే తీయగలిగితే, చెరువు నిండిన తరువాత కాదు, తొలకరి తరువాత వాగులో వచ్చే మొదటి నీటిలోనే తీయండి. నిండు చెరువు నీరు ఆ మొదటి పోటును పలుచన చేసి దాచేస్తుంది.

రెండో తేడా పూడిక. మన రైతులు చెరువు పూడికను ఎరువుగా భావించి పొలాలకు తోలుతారు. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద కూడా ఇది పెద్ద ఎత్తున జరిగింది. చాలా చెరువుల విషయంలో అది మంచి పనే. పాత గనికో, ఖనిజం కడిగిన చోటుకో దిగువన ఉన్న చెరువులో మాత్రం పూడిక తోలకముందే దాన్ని పరీక్షించాలి. తూము దగ్గర ఒకటి, వాగు చెరువులో కలిసే చోట ఒకటి, మధ్య లోతులో ఒకటి, అలుగు దగ్గర ఒకటి నమూనా తీసి, పక్కనే గనితో సంబంధం లేని మరో చెరువు పూడికను పోలికగా పంపాలి. పూడిక తోలబోయే పొలం మట్టి ఆమ్లమా, సున్నపు నేలా అన్నది కూడా చూడాలి. ఆమ్ల నేలలో రాగి మొక్కలకు సులువుగా అందుతుంది.

మూడోది గొర్రెలు. నీరు తగ్గిన చెరువు అడుగున మొలిచే పచ్చిక మీద మందలు మేస్తాయి, గడ్డితో పాటు కొంత మట్టి కూడా వాటి కడుపులోకి పోతుంది. పశువులన్నిటిలోనూ రాగికి త్వరగా దెబ్బతినేది గొర్రె. అది రాగిని కాలేయంలో కొద్ది కొద్దిగా పోగుచేసుకుని, ఒకనాడు హఠాత్తుగా జబ్బుపడుతుంది. ఆవులు, మేకలు బాగానే ఉన్నాయి కదా అని గొర్రెల సంగతి తేల్చేయకూడదు. గనికి దిగువన ఉన్న చెరువులో పరిశీలన మొదలుపెట్టేవారు ముందుగా అక్కడి గొల్ల, కురుమ కుటుంబాలను కలిసి, మంద ఏ నెలల్లో అక్కడ మేస్తుందో, కారణం తెలియని మరణాలు ఎప్పుడైనా జరిగాయా అని అడిగి రాసుకోవాలి. పూడికలో రాగి ఎక్కువగా తేలితే, పశువైద్యుడి ద్వారా చనిపోయిన గొర్రె కాలేయం ముక్కను రాగి పరీక్షకు పంపించి, ఫలితం వచ్చేదాకా మందను మరో చోట మేపుకోవాలని వారికి నేరుగా చెప్పాలి.